బంగాళాఖాతపు పొరుగిండ్లలో ఒక సంవత్సరము

ధవళేశ్వరము ఆనకట్టను చూడవచ్చినవారు సామాన్యముగా దానిని కట్టించిన కాటన్ దొర విగ్రహమునకు నమస్కరించి, ఆయన పేరిట వెలసిన మ్యూజియమును ఒకమారు చుట్టివచ్చి, 1847లో మొదలై 1852లో ముగిసిన ఆ మహానిర్మాణమే గోదావరి మండలమును కరువు కాటకముల నుండి గట్టెక్కించినదని చెప్పుకొని వెడలిపోదురు. ఆ మాట సత్యమే. కాని ఆ కట్టడమునకు ఆధారమైన విద్య ఎచ్చటిదని అడుగువారు అరుదు. ఎంత త్రవ్వినను ఇసుకయే తప్ప రాయి తగులని నదీగర్భము మీద రాతికట్టను నిలుపు ఉపాయము కాటనుకు సీమలోని ఏ పాఠశాలయు నేర్పలేదు. కరికాల చోళుని కాలము నాటిదని ప్రతీతి గల కావేరి కల్లణై ఆనకట్టను పరిశీలించి, వదులు ఇసుకలో సైతము పునాది నిలువగలదను సూత్రమును ఆ ప్రాచీనుల వద్దనే గ్రహించితిమని ఆయన దాచక చెప్పుకొనెను. కావేరి తీరమున పనిచేయుచు ఏండ్ల తరబడి గడపిన అనుభవము లేకున్న గోదావరి తీరమున ఆయన చేయగలిగినది ఏమియు ఉండెడిది కాదు. నేడు డెల్టా రైతు సార్వాకైనను దాళ్వాకైనను మడిలోనికి మళ్లించుకొను నీటిలో పొరుగుసీమ వారి పాఠము కొంత కలిసియున్నది.

పొరుగుచోట పనిచేయుచు నేర్చుకొనుట యను ఈ పద్ధతినే ప్రపంచములోని కొన్ని దేశములు యువజనులకు ఒక వ్యవస్థగా ఏర్పరచియున్నవి. చదువు ముగిసి ఉద్యోగమున కుదురుకొనుటకు ముందు, పదునెనిమిది మొదలు ముప్పది ఏండ్ల లోపు వయసున, యువకుడో యువతియో పొరుగుదేశమునకు పోయి, ఒక పల్లెయందో పట్టణమందో పండ్రెండు మాసములు నివసించి, జీతము కోరక, భోజనము, వసతి, చేతిఖర్చు మాత్రము పుచ్చుకొని, స్థానికులతో కలిసి వారి పనియే చేయుట ఈ వ్యవస్థ సారాంశము. దీనిని గూర్చి మన గోదావరి జిల్లాలలో విన్నవారు తక్కువ. విన్నవారును ఇది ఐరోపా వారి వేడుక యని పెదవి విరుతురు. ఆ అభిప్రాయము సరికాదనుటకు మన తీరముననే సాక్ష్యములు కలవు.

మొదట మన పాత కథ చెప్పుకొనవలెను. గోదావరి వారికి పొరుగుదేశము క్రొత్తది కాదు. నదీముఖమున నున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను దానిని తుడిచిపెట్టగా, అటుపిమ్మట కాకినాడ నుండి పొగయోడలెక్కి వేలాది జనులు ‘రంగము’, అనగా బర్మాలోని రంగూను, పోవుచుండిరి. రంగూను రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మరలలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు పెక్కుమంది తెలుగువారే. ఆ కోరంగి రేవు పేరనే బర్మా వారు వారిని కోరంగీలని పిలిచిరి. 1930 మే నెలలో రేవుకూలీల సమ్మె ముగిసినప్పుడు, సమ్మెకాలమున పనిలో పెట్టుకొన్న బర్మా కూలీలను యజమానులు తొలగించి తెలుగు కూలీలను మరల పిలువగా, పొట్టకూటి కొరకు పుట్టిన పగ రంగూను వీథులలో రక్తపాతమై ముగిసెను. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు ఆ నగరముపై పడిన పిదప లక్షలాది భారతీయులు కొండలవెంట అడవులవెంట కాలినడకను మరలివచ్చిరి. తరతరములు పొరుగున మసలియు ఆ పొరుగువాని ఇంట అతిథియై అడుగిడిన తెలుగువారు తక్కువ. ఇందు దోషము కూలివానిది కాదు. మేస్త్రీ వద్ద అప్పుపడి ఓడయెక్కినవానికి బర్మా పల్లెవాడు పంట ఎట్లు పండించునో, పండుగ ఎట్లు చేసికొనునో కనుగొను తీరిక ఎచటిది? నేడును కోనసీమ నుండి, పశ్చిమ డెల్టా నుండి స్త్రీపురుషులు కువైటుకును ఇతర గల్ఫు దేశములకును పోవుచున్నారు. చదువుకొన్నవారు అమెరికా పోవుచున్నారు. అన్నియు జీతపు ప్రయాణములే. జీతము కొరకు పోవుట తప్పని ఎవరందురు? దానికి భిన్నమైన ప్రయాణము కూడ ఒకటి కలదనుటయే ఈ వ్యాసము పని.

ఐరోపాలో ఈ ఆలోచన యుద్ధపు బూడిదలో మొలకెత్తినది. మొదటి మహాసంగ్రామములో ఫ్రాన్సునందలి వెర్డన్ ప్రాంతము ఫిరంగిగుండ్ల చేత గుంటలు గుంటలైపోయెను. 1920లో పియర్ సెరెసోల్ అను స్విట్జర్లాండు ఇంజనీరు, ఆ ప్రాంతమున ఎస్న్ అను ధ్వంసమైన పల్లెకు కొందరు స్వచ్ఛందసేవకులను తీసికొనిపోయి, ఇండ్లు లేనివారికి తాత్కాలిక గృహములు కట్టించుటకును గుంటలు పూడ్పించుటకును పూనుకొనెను. ఆ జట్టులో జర్మనులు కూడ ఉండిరి. పగవాడు చెడగొట్టిన ఊరిని పగవాని దేశస్థుడే పలుగుపారలతో బాగుచేయుట చూచి గ్రామస్థులలో కొందరు మెత్తబడిరి. కాని అధికారులకది మింగుడుపడలేదు. కొన్ని మాసములకే ఆ పని నిలిచిపోయెను. ఆ విఫలయత్నమే అంతర్జాతీయ సేవాసంస్థగా పెరిగి, 1934 జనవరి 15న బీహారును భూకంపము కుదిపివేసినప్పుడు సెరెసోలును మనదేశమునకు రప్పించెను. ఆయన గాంధీజీని కలిసికొని, రాజేంద్రప్రసాదు నడిపిన సహాయకార్యక్రమముతో చేయికలిపి, ముజఫర్‌పూర్ ప్రాంతమున, భూకంపము చేత నేల క్రుంగి వరదపాలగుచున్న పల్లెలను మెరకపై మరల కట్టు పనిలో 1937 వరకు వచ్చుచు పోవుచు శ్రమించెను. మెరక, పల్లము, వరద యను మాటల బరువు గోదావరి లంకవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు గదా!

రెండవ యుద్ధానంతరము ఈ పని మరింత లోతునకు దిగినది. లోథర్ క్రైసిగ్ అను జర్మను న్యాయమూర్తి, హిట్లరు కాలమున మనోవ్యాధిగ్రస్తులను రహస్యముగా చంపించుచున్న ప్రభుత్వమును ఎదిరించి పదవిని పోగొట్టుకొన్న ధీరుడు. ఆయన 1958లో, తమ దేశము చేసిన పాపమునకు ప్రాయశ్చిత్తముగా జర్మను యువకులు తాము బాధించిన దేశములకు పోయి ఒక సంవత్సరము తమ చేతులతో ఏదేని మేలు చేయవలెనని పిలుపునిచ్చెను. మరుసటి ఏడే నెదర్లాండ్సుకును నార్వేకును మొదటి జట్లు బయలుదేరెను. క్షమాపణలు కోరుట, ఉపన్యసించుట ఆయన యువకులకు నేర్పలేదు. ఇటుకలు పేర్చుట, ముసలివారికి గంజి త్రాగించుట నేర్పెను. ఆ సంస్థ నేటికిని నడచుచున్నది; ప్రతి ఏడు శరత్కాలమున యువజనులు పోలండుకు, ఫ్రాన్సుకు, ఇశ్రాయేలుకు, మరి కొన్ని దేశములకు పోయి, వృద్ధాశ్రమములలో, స్మారకస్థలములలో, అంగవైకల్యము గలవారి గృహములలో పనిచేయుచున్నారు. 1963లో ఫ్రాన్సు జర్మనీల మధ్య కుదిరిన ఎలిజే సంధి రెండు దేశముల యువజనుల రాకపోకలకు ప్రత్యేక కార్యాలయమునే నెలకొల్పెను. 1996లో ఐరోపా సంఘపు దేశములు కలిసి స్వచ్ఛందసేవా పథకమును ఆరంభించెను; నేడది ఐరోపా సంఘీభావదళమను పేర, ప్రయాణవ్యయము, వసతి, భోజనము, బీమా, చేతిఖర్చు సమకూర్చి, యువజనులను పండ్రెండు మాసముల వరకు పరాయిదేశమున ఉంచుచున్నది. మూడు తరములలో రెండుమార్లు ఒకరినొకరు చంపుకొన్న జనులు సరిహద్దులను ఇంటిప్రహరి పాటిగా ఎంచు స్థితికి వచ్చుటలో సంధిపత్రములకు ఎంత పాలు కలదో ఈ ఏడాదిపాటి అతిథులకును అంత పాలు కలదని నా నమ్మకము.

ఇక మన సాక్ష్యములు. స్వచ్ఛందసేవ యను సంస్కారము గోదావరి తీరమునకు అరువు వచ్చినది కాదు. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడే, డాక్టరు హర్డీకరు ప్రోద్బలమున హిందుస్తానీ సేవాదళమునకు అంకురార్పణ జరిగెను. ఆ సభాసందర్భముననే, రాజమహేంద్రవరమున పుట్టిన పదునాలుగేండ్ల బాలిక దుర్గాబాయి ఖద్దరు ప్రదర్శనశాల వాకిట స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేక లోనికి రాబోయిన జవహర్‌లాల్ నెహ్రూను అడ్డగించెను. నిర్వాహకులు కంగారుపడిరి, కాని నెహ్రూ ఆమె క్రమశిక్షణను మెచ్చుకొని, టిక్కెట్టు కొనిన పిమ్మటనే లోనికి పోయెను. ఆ బాలికయే తరువాత ఆంధ్ర మహిళాసభను స్థాపించి, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యెను. సేవకుడనగా పెద్దవారి ముందు చేతులు కట్టుకొని నిలుచువాడని తలచువారు ఈ కథను జ్ఞాపకముంచుకొనవలెను.

అట్టి సంస్కారము పొరుగుదేశమునకు దాటిన ఉదంతము 1938లో జరిగినది. జపాను దాడికి లోనైన చైనాకు వైద్యసహాయము చేయవలసినదని సేనాని జూ డె నెహ్రూకు వ్రాయగా, నాటి కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్రబోసు ప్రజలను విరాళములు కోరి, ఐదుగురు వైద్యులను సెప్టెంబరు 1న బొంబాయి నుండి ఓడయెక్కించెను. అలహాబాదు నుండి అటల్, నాగపూరు నుండి చోళ్కర్, కలకత్తా నుండి బసు, ముఖర్జీ, సోలాపురము నుండి ద్వారకానాథ కోట్నిస్. వీరిలో తెలుగువాడు లేడు. కాని సోలాపురమనగా మన పద్మశాలీలు తరతరములుగా మగ్గములతో స్థిరపడిన ఊరు గనుక కోట్నిస్ మనకు బొత్తిగా పరాయివాడు కాడు. బయలుదేరునాటికి ఆయనకు ఇరువది ఎనిమిదేండ్లైనను నిండలేదు. 1939 ఫిబ్రవరిలో యెనాను చేరిన పిమ్మట, తోడివారు ఒక్కొక్కరే మరలివచ్చుచుండగా, ఆయన ఉండిపోయి, చైనాభాష నేర్చి, యుద్ధరంగమునకు చేరువగా శస్త్రచికిత్సలు చేసి, 1941 జనవరిలో బెథూన్ అను వైద్యుని పేరిట నెలకొన్న ఆసుపత్రికి అధిపతియయ్యెను. గువో చింగ్‌లాన్ అను నర్సును వివాహమాడెను. 1942 డిసెంబరు 9న మూర్ఛవ్యాధిచేత ముప్పది రెండేండ్ల వయసున మరణించెను. రెండుదేశముల నడుమ 1962లో యుద్ధమే జరిగినది, సరిహద్దు నేటికిని చల్లారలేదు. ఐనను చైనా నాయకులు భారతదేశము వచ్చినప్పుడెల్ల కోట్నిస్ కుటుంబీకులను పలుకరించి పోవుట పరిపాటియైనది. రాయబారులు ఎంతమంది వచ్చిపోయినను అట్టి స్మృతి మిగులదు.

ఇంతటి పూర్వగాథ గల మనము యువజనులను పొరుగుదేశములకు పంపు పథకము నొకటి ఏల పెట్టుకొనలేదని మీరడుగవచ్చును. పెట్టుకొంటిమి! 1985 డిసెంబరు 8న ఢాకాలో ‘సార్క్’ కూటమి ఏర్పడిన మరుసటి ఏడే, 1986 నవంబరులో బెంగుళూరున జరిగిన రెండవ శిఖరసభలో, దక్షిణాసియా యువ స్వచ్ఛందసేవకుల కార్యక్రమమును ఆమోదించిరి. ఒక సభ్యదేశపు యువజనులు మరియొక దేశమున వ్యవసాయ, అటవీ విస్తరణ పనులలో పాల్గొనవలెనన్నది దాని ఉద్దేశము. ఎంత చక్కని ఊహ! కాని శిఖరసభలే నడువని కూటమిలో పథకములు ఎట్లు నడచును? 2014 నవంబరులో కాట్మండున జరిగిన సభయే చివరిది. 2016లో ఇస్లామాబాదున జరుగవలసిన సభ జరుగనే లేదు. పాకిస్తానుతో మనకున్న పేచీ తీరువరకు నేపాళీయునితోను సింహళీయునితోను పరిచయము చేసికొనకుండ కూర్చుండుట ఏమి వివేకమో నాకు బోధపడదు. సార్క్ కాకున్న, బంగాళాఖాతపు పరిసరములందలి దేశములు చేరిన ‘బిమ్‌స్టెక్’ కలదు. 1997లో పుట్టిన ఆ కూటమిలో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, మయన్మార్, నేపాల్, శ్రీలంక, థాయిలాండు సభ్యులు. మన గోదావరి కలియునది ఆ సముద్రములోనే.

ఈ దేశములకు పోయి మన యువకుడు ఏమి చేయును, ఏమి తెచ్చును అన్నచో, ముందుగా బంగ్లాదేశమును చూడవలెను. అది చాలవరకు ఒక డెల్టా. బ్రహ్మపుత్ర తెచ్చిన ఇసుకదిబ్బల మీద అచటివారు కాపురముండి, వరదకు ఇల్లు విప్పి మరియొక దిబ్బమీద కట్టుకొను తీరు మన లంకవాసులకు పరిచితమే. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరము వద్ద ముప్పదియైదు లక్షల క్యూసెక్కులకు పైబడిన ప్రవాహము దిగినప్పుడు గట్లు తెగి కోనసీమ ఎట్లు మునిగినదో చూచినవారు నేటికిని కలరు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మ్రింగెను. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణములను బలిగొని, లెక్కకు మించిన కొబ్బరిచెట్లను కూల్చెను. బంగ్లాదేశమునకు తగిలిన దెబ్బ ఇంకను పెద్దది. 1970 నవంబరు 12న భోలా తుపానులో మరణించినవారు మూడులక్షలకు తక్కువ కారు. ఆ మరుసటి యేడు స్వాతంత్ర్యము పొందిన ఆ పేదదేశము, 1972లోనే రెడ్‌క్రాసుతో కలిసి తుపాను సన్నాహక కార్యక్రమమును ఏర్పరచి, పల్లెపల్లెన స్వచ్ఛందసేవకులను నియమించెను. ప్రమాదతీవ్రతను బట్టి ఒకటి, రెండు, మూడు జెండాలెత్తుట, చేతిసైరను త్రిప్పుట, మెగాఫోను పట్టుకొని ఇంటింటికి పోయి ముసలివారిని పసివారిని ఆశ్రయభవనమునకు నడిపించుట వారి పని. ఇప్పుడు అట్టివారు డెబ్బదియారు వేలమంది. అందు సగము స్త్రీలు. 1991 తుపానులో లక్షా ముప్పదియెనిమిది వేలమంది చనిపోగా, 2007లో అంతటి తీవ్రత గల సిడర్ తుపానులో మృతులు మూడువేల నాలుగువందల మంది. ఇంత తగ్గుదలకు ఆశ్రయభవనములు, వాతావరణసూచనలు కూడ కారణములే. కాని సూచన విని కదలని ముసలమ్మను చేయిపట్టి కదిలించినది సేవకురాలే.

ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడును. ఆ మూడు అంకెలు డెల్టాలో పిల్లలకు సైతము కంఠస్థము. అంకె తెలిసినను పశువులను విడిచి ఇల్లు కదలుటకు మనసొప్పని రైతును ఎట్లు ఒప్పింపవలెనో బంగ్లాదేశపు బరిసాల్ జిల్లాలో ఒక సంవత్సరము ఉండి నేర్చుకొన్న మన యువతి ఎంత పనికి వచ్చునో ఆలోచింపుడు. అచటనే మరియొక విద్య కలదు. మన కాలువలను లాకుల వద్ద కప్పివేసి నీటిపారుదల శాఖను విసిగించు గుర్రపుడెక్కను, దక్షిణ బంగ్లాదేశపు గోపాల్‌గంజ్, బరిసాల్, పిరోజ్‌పూర్ ప్రాంతపు రైతులు పొరలు పొరలుగా త్రొక్కి తెప్పలుగా కట్టి, వాని మీద వరదకాలమున కూరగాయలు, నారు పెంచుదురు. తెప్ప నీటితో పాటు లేచును, నీటితో పాటు దిగును, పంట మునుగదు, పిమ్మట ఆ కుళ్లిన డెక్కయే చేనికి ఎరువగును. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ 2015లో ఈ సేద్యమును ప్రపంచపు విలువైన వ్యవసాయ వారసత్వములలో చేర్చినది. మనము ఆ డెక్కను ఏటేట సొమ్ము పోసి తీయించి గట్టున పారవేయుచున్నాము.

వైద్యవిషయమునను ఆ దేశము మనకు గురువు కాగలదు. 1971లో ఆ దేశము నుండి శరణార్థులు వెల్లువగా వచ్చి బెంగాలునందలి బనగాఁవ్ శిబిరములో కలరా ప్రబలినప్పుడు, సిరలోనికి ఎక్కించు ద్రవము చాలక, మన డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని పీపాలలో పోయించి బంధువుల చేతనే రోగులకు త్రాగించెను; వేలాది ప్రాణములు నిలిచెను. ఆ విద్యను 1980 మొదలు పదేండ్లలో బంగ్లాదేశపు ‘బ్రాక్’ సంస్థ స్త్రీలు కోటికి పైగా ఇండ్లకు నడచిపోయి తల్లులకు నేర్పిరి. మూడువ్రేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లము, కొలతగా నీరు, ఇంతే పాఠము. నేర్పినామెకు ముట్టు ప్రతిఫలము, తల్లికి పాఠము ఎంతవరకు జ్ఞాపకమున్నదో పరీక్షించిన మీదటనే నిర్ణయమగుచుండెను. మన బడులలో ఈ నియమము పెట్టినచో ఏమగునో ఊహించుటకు భయమగుచున్నది.

శ్రీలంక మాట వేరు. అచటికి మనవద్ద నుండియే ఒక విత్తనము పోయినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాకు నూరెకరములు దానమిచ్చుటతో భూదానోద్యమము పుట్టినది. గాంధీ వినోబాల మార్గమునకు ఆకర్షితుడైన ఆర్యరత్నె అను కొలంబో నలందా కళాశాల ఉపాధ్యాయుడు, 1958లో తన విద్యార్థులను కనతొలువ యను అస్పృశ్యుల పల్లెకు తీసికొనిపోయి, వారితో కలిసి బావులు త్రవ్వించి, వారితో కలిసి భుజింపజేసెను. ఆ శ్రమదానశిబిరమే సర్వోదయోద్యమమై వేలాది పల్లెలకు వ్యాపించి, 2004 సునామీ నాడు తీరవాసులకు చేదోడుగా నిలిచినది. భూదానము పుట్టిన తెలుగునేలలో అది పుస్తకములలోని పాఠమైపోగా, సముద్రమున కావల దాని తోబుట్టువు బ్రతికియుండుట మనము వెళ్లి చూడదగినది. నేపాళములో 1988 నుండి పల్లెస్త్రీలే ఆరోగ్య స్వచ్ఛందసేవికలై ఏబదివేలకు పైగా పనిచేయుచున్నారు. భూటానులో 2011లో ఏర్పడిన నారింజరంగు దుస్తుల సేవాదళము విపత్తుల నాడు ముందు నిలుచుచున్నది.

ఒక సంవత్సరమే ఏల, ఒక మాసము చాలదా? మన జాతీయ సేవాపథకము 1969 సెప్టెంబరు 24న ముప్పదియేడు విశ్వవిద్యాలయములలో ఆరంభమైన మంచి పథకము. అందు విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవచేసి, ఏడు దినముల శిబిరమున పాల్గొనవలెను. ఏడు దినములలో రోడ్డు ప్రక్క గడ్డి తీయవచ్చును, మొక్కలు నాటవచ్చును. మొక్క బ్రతికినదో లేదో చూచుటకు వీలులేదు. డెల్టా రైతు కాలగణనము వేరు. జూన్ మాసమున కాలువలకు నీరు వదలుట, ఆషాఢమున ఎర్రనీరు దిగుట, శ్రావణ భాద్రపదములలో వరదభయము, కార్తికమున తుపానుభయము, సార్వా కోత, దాళ్వా నాట్లు, ఏప్రిల్‌లో కాలువలు కట్టివేయుట: ఈ చక్రము ఒకమారు పూర్తిగా తిరిగిన గాని ఏ డెల్టా స్వరూపమును తెలియదు. భాష సంగతియు అంతే. మొదటి మూడుమాసములు అతిథి మూగవాడు. ఇంటివారికి భారమే గాని సాయము కాదు. తరువాతనే అతని చేత పని జరుగును.

ఇందు కొన్ని మోసములు కలవు గనుక తల్లిదండ్రులు తెలిసికొనవలెను. స్వచ్ఛందసేవ పేర డబ్బు గుంజు దళారులు నేపాళములో కొందరు బయలుదేరిరి. తల్లిదండ్రులున్న పల్లెబిడ్డలను చదువు చెప్పింతుమని నమ్మించి నగరమునకు తెచ్చి, అనాథాశ్రమములలో అనాథలుగా చూపి, విదేశీ యువజనుల వద్ద రుసుములు వసూలుచేయు వ్యాపారము అచట పెద్ద సమస్యయై, 2015 భూకంపము తరువాత యూనిసెఫ్ వంటి సంస్థలు దానిని గూర్చి గట్టిగా హెచ్చరించినవి. శిక్షణ లేనివానిని పసిపిల్లల నడుమ పదిదినములు విడిచి, వారు మాలిమియైన పిదప తీసికొనిపోవుట సేవ కాదు, అపకారము. సేవచేయువాని వద్దనే సొమ్ము అడుగు సంస్థను, ఏ పని వచ్చునని ప్రశ్నింపని సంస్థను నమ్మవలదు. మయన్మార్‌లో 2021 నుండి అంతర్యుద్ధము సాగుచున్నది గనుక మన పూర్వులు నడచిన ఆ దారి ప్రస్తుతము మూసికొన్నట్లే. “ఏడాది వృథా పోవునేమో” అని బెంగపడు తండ్రికి ఒక్క మాట: ఉద్యోగపరీక్షల కోచింగు గదులలో మన బిడ్డలు మూడేసి నాలుగేసి ఏండ్లు గడపుచున్నప్పుడు ఆ వ్యయమును ఎవ్వరును లెక్కించుట లేదు.

వెళ్లదలచినవారికి తలుపు పూర్తిగా మూసిలేదు. 1950 సంధి ననుసరించి నేపాళమునకు మనవారు వీసా లేకయే పోవచ్చును, నివసించవచ్చును, పని చేయవచ్చును, ఓటరుకార్డు చాలును. భూటాను ప్రయాణమునకును వీసా అక్కరలేదు. అచట పనిచేయుటకు మాత్రము అనుమతి వేరుగా పొందవలెను. బంగ్లాదేశ్, శ్రీలంకలకు తగిన వీసా కావలెను. అది ఒంటరి యువకునికంటె ఒక విశ్వవిద్యాలయము అడిగినచో సులభముగా దొరకును. అందుచేత నన్నయ విశ్వవిద్యాలయమును, రాజమహేంద్రవరపు వ్యవసాయకళాశాలను, ధవళేశ్వరమున నీటిపారుదల శాఖ పెద్దలను వేడుకొనుచున్నాను: మీరు మువ్వురు కలిసి ఏడాదికి ఇరువురినైనను, అందొకరు లంకగ్రామపు బిడ్డగా ఎంచి, బరిసాల్ వ్యవసాయాధికారుల వద్దకును తుపాను సేవకుల వద్దకును పంపుడు, వారి సంవత్సరమును చదువులో భాగముగా లెక్కకట్టుడు, అచటి నుండి ఇరువురు వచ్చినచో మన లాకుల వద్ద, మన వరద కంట్రోలు రూములో చోటిచ్చి, మన ఇండ్లలో అన్నము పెట్టుడు. ఇందుకు శిఖరసభ అక్కరలేదు. ఒక ఉత్తరము వ్రాసిన చాలును.